లెమనీ స్నికెట్ 13 నవలలు ఆడియోలో: ఏ గొంతు, ఏ వేగం?

పాతరేడియో:
'ఎ సీరీస్ ఆఫ్ అన్‌ఫార్చునేట్ ఈవెంట్స్' (అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న ముగ్గురు పిల్లల కథ) మా పిల్లలతో కలిసి వినాలని ఉంది. 9 ఏళ్ళు, 12 ఏళ్ళు. వరసగా వినెయ్యొచ్చా? మూడో పుస్తకం దగ్గర పిల్లలు ఆపేస్తారని విన్నాను. ఎందుకని?

చింతచెట్టు:
అక్కడ గొంతు మారిపోతుందండీ. 1, 2 నవలలు నటుడు టిమ్ కర్రీ చదివాడు. 3, 4, 5 మాత్రం రచయితే చదివాడు, అంటే స్నికెట్ పేరుతో రాసే డేనియల్ హ్యాండ్లర్. 6 నుంచి 13 దాకా మళ్ళీ కర్రీ. కర్రీ పాత్రకో గొంతు పెడతాడు, ఆ పిల్లల ఆస్తి కోసం వెంటపడే కౌంట్ ఓలాఫ్‌ని నాటకంలో విలన్‌లా ఆడిస్తాడు. హ్యాండ్లర్ అంత నటించడు. కథకుడి దిగులుకి ఆ చదువు బాగా నప్పుతుంది గానీ, ఓలాఫ్ అంటే భయం సగమైపోతుంది. పిల్లలు మొండికేస్తే ఆ మూడూ అచ్చులో చదివించి, 6 దగ్గర మళ్ళీ ఆడియోకి రండి. వదిలేసి దాటొద్దు, ఆరో కథకి కావలసిన స్నేహితులు, క్వాగ్‌మైర్ పిల్లలు, ఐదులోనే వస్తారు.

మూడోచెవి:
వేగం 1.0 దాటనివ్వకండి. అంతకన్నా ముఖ్యం, యాప్‌లో నిశ్శబ్దాన్ని కత్తిరించే సెట్టింగ్ ఉంటే ఆపేయండి. ఈ నవలల్లో నవ్వంతా ఆ ఖాళీల్లోనే ఉంది. మొదటి అధ్యాయంలో బ్యాంకు ఉద్యోగి పో గారు సముద్రం ఒడ్డుకొచ్చి, మీ అమ్మానాన్నలు మంటల్లో పోయారని పిల్లలకి చెబుతాడు. చెప్పి ఊరుకోకుండా, 'పెరిష్డ్' అంటే ఏమిటో వివరిస్తాడు. మాకు తెలుసని ఆ ముగ్గురిలో క్లౌస్ అనే అబ్బాయి విసుక్కుంటాడు. ఆ రెండు మాటల మధ్య ఆగకపోతే అది ఉత్త చావు కబురే.
పో గారి దగ్గు సంగతి కూడా. పుస్తకం నిండా దగ్గుతూనే ఉంటాడు, కర్రీ దాన్ని గట్టిగా పలికిస్తాడు. చిన్నగా చదివిన వాక్యం వినపడలేదని కారులో శబ్దం పెంచారా, వెంటనే ఆ దగ్గు చెవిలో పడుతుంది. పిల్లల ఇయర్‌ఫోన్లకి ఫోన్‌లోనే శబ్దం హద్దు పెట్టేయండి.

నిద్రమేడ:
పడుకునేటప్పుడు వినేవాళ్ళకి ఒక జాగ్రత్త. రెండో నవలలో పిల్లలకి నచ్చే మాంటీ మామయ్య చనిపోతాడని కథకుడు చాలా ముందే చెప్పేస్తాడు. ఆ హెచ్చరిక వల్లే తర్వాతి దెబ్బని పిల్లలు తట్టుకుంటారు. హెచ్చరిక వచ్చే చోట నిద్రపోయి, మర్నాడు అవతల నుంచి వింటే చావు ఒక్కసారిగా మీద పడుతుంది. అందుకని టైమర్‌ని నిమిషాలకి కాక 'అధ్యాయం చివర'కి పెట్టండి. నవలకి 13 అధ్యాయాలు (చివరి నవలలో ఒకటి అదనం), రోజుకి రెండు చాలు. ఈమధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లలకైతే ఇప్పుడే వద్దు.

చింతచెట్టు:
అచ్చు పుస్తకం కూడా పక్కన ఉంటే మంచిది. ఆరో నవలలో లిఫ్టు గోతి చీకటిని చూపించడానికి పూర్తిగా నల్లటి పేజీలు వేశారు, అది చెవికి అందేది కాదు. బ్రెట్ హెల్క్విస్ట్ వేసిన చివరి బొమ్మలో తర్వాతి కథకి ఆధారం దాగుంటుంది. చంటిపాప సన్నీ మాటలు కూడా చూస్తేనే తెలుస్తాయి. పదో నవలలో 'బుషెనీ' అంటుంది, అప్పటి అమెరికా అధ్యక్షుడు బుష్, ఉపాధ్యక్షుడు చెనీ పేర్లు కలిపేసి. వింటుంటే అది ఏదో కూతలా దాటిపోతుంది.

పాతరేడియో:
కొనడమా, లైబ్రరీలో తీసుకోవడమా? మేముండేది అమెరికాలో.

మూడోచెవి:
లైబ్రరీ కార్డు ఉంటే, లైబ్రరీ ఆడియోలు అరువిచ్చే లిబ్బీ యాప్‌లో వెతకండి. ఒకేసారి అన్నిటికీ హోల్డ్ పెడితే (అంటే వరసలో పేరు రాయించుకుంటే) ఏడోది ముందొచ్చి, రెండోది నెల తర్వాత వస్తుంది. రెండు మూడు మాత్రమే పెట్టి, వరస తప్పి వచ్చినదాన్ని వాయిదా వేసుకోండి, వరసలో చోటు పోదు. తీసుకునే ముందు 'అన్‌అబ్రిడ్జ్‌డ్' (కుదించని పూర్తి పుస్తకం) అని ఉందో లేదో, చదివిందెవరో చూడండి. మొదటి నవలకి పలువురు నటులు కలిసి చదివిన వేరే రికార్డింగ్ కూడా ఉంది, పొరపాటున అదే వస్తుంది.

నిద్రమేడ:
ఆడియోలోనే దొరికే లాభం ఒకటుంది. గాథిక్ ఆర్చీస్ అనే బ్యాండ్ పాటలు ఈ రికార్డింగుల్లోనే వచ్చాయి, స్టీఫిన్ మెరిట్ కట్టినవి. 2006లో 'ది ట్రాజిక్ ట్రెజరీ' పేరుతో విడిగా ఆల్బమ్‌గానూ వేశారు. అధ్యాయాలు అయిపోయాయి కదా అని ఫైలు మూసెయ్యకండి, పాట పూర్తయ్యేదాకా ఉంచండి.