సంక్రాంతి సంబరాల పార్కింగ్: లోడర్‌కు స్నో ప్లో బిగింపు, పనుల పంపకం

పార్కింగ్ బాధ్యత:
అందరికీ నమస్కారం. సంక్రాంతి సంబరాలకు హాల్ ఖాయమైంది. మంచు తీసే మనిషి హాల్ వాళ్ళకు సోమవారం నుంచి శుక్రవారం వరకే ఉంటాడు. శనివారం మంచు పడితే తీసుకోవాల్సింది మనమే. మిన్నెసోటాలో జనవరి అంటే పడుతుందనే అనుకుని సిద్ధపడాలి.

వంద కార్లు, మధ్యలో దారులు కలిపి సుమారు 33,000 చదరపు అడుగుల స్థలం. దాని మీద ఆరంగుళాల పొడి మంచు పడితే లక్ష పౌన్ల దాకా బరువు. తడి మంచైతే అంతకు రెండు మూడింతలు. పారలు పట్టుకుని పదిమంది దిగినా తెమిలే పని కాదు.

మన దగ్గర ఉన్నవి: సభ్యులొకరి పొలంలోని 38 హార్స్‌పవర్ ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్. దానికి ఫ్రంట్ లోడర్ (ముందు బకెట్‌ను ఎత్తే చేతులు), స్కిడ్ స్టీర్ తరహా క్విక్ అటాచ్ (బకెట్ తీసి వేరే పనిముట్టు తగిలించే బిగింపు), వెనక ఒక జత హైడ్రాలిక్ రిమోట్ (బయటి సిలిండర్లకు నూనె ఇచ్చే పోర్టులు) ఉన్నాయి. ఇంకొకరి షెడ్డులో పికప్ ట్రక్కు నుంచి ఊడదీసిన మంచు నెట్టే ఏడున్నర అడుగుల పాత ప్లో ఉంది: బ్లేడు, దాన్ని మోసే ఏ-ఫ్రేమ్, బ్లేడును పక్కలకు తిప్పే రెండు యాంగిల్ సిలిండర్లు. ట్రక్కు మౌంటు, పంపు లేవు. లాట్‌లో ముప్పాతిక వంతు తారు, వెనక పావు వంతు కంకర. ఎవరు ఏ పని పట్టుకుంటారో, ఏం కొనాలో రాయండి.

వెల్డింగ్ పని:
ప్లో చూసి వచ్చాను. బ్లేడు వంగలేదు, ఏ-ఫ్రేమ్‌లో పగుళ్ళు లేవు. కటింగ్ ఎడ్జ్ (బ్లేడు అడుగున నేలను గీకే ఉక్కు పట్టీ) మాత్రం అరిగి, దాన్ని బిగించే బేస్ యాంగిల్‌కు దగ్గరైంది, మార్చాలి. అరంగుళం మందం, ఆరంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవున్నది దొరుకుతుంది. పాత ప్లో బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉన్నాయి, వాటిని కోసేసి కొత్తవి వేద్దాం. ఎడ్జ్‌ను మాత్రం ఎవరూ వెల్డ్ చేయకండి. అది హై కార్బన్ ఉక్కు, వెల్డ్ పక్కనే చిట్లిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెబుతాను. లోడర్ చేతులు పైకి ఎత్తడానికి కట్టినవి, పక్కనుంచి తగిలే దెబ్బకు కాదు. ఏడున్నర అడుగుల బ్లేడును వాలుగా పెట్టి నడుపుతుంటే దాని చివర కాలిబాట అంచుకు తగిలిందనుకోండి, ఆ మెలి అంతా లోడర్ చేతులకు, వాటిని కలిపే అడ్డు గొట్టానికి, పిన్నులకు పోతుంది. ఒక చెయ్యి కొద్దిగా మెలి తిరిగినా తర్వాత బకెట్ ఎప్పటికీ సమంగా కూర్చోదు. అందుకే మనం పెట్టే ప్రతి భాగమూ దెబ్బ తగిలినప్పుడు బ్లేడు తప్పుకునేలా ఉండాలి. గట్టిగా బిగించడమొక్కటే బలమనుకుంటే లోడర్‌ను పోగొట్టుకుంటాం.

బిగింపు ఇలా అనుకుంటున్నాను. రెడీమేడ్ క్విక్ అటాచ్ ప్లేటు ఒకటి కొందాం, పావంగుళం కాదు, 5/16 అంగుళం మందంది. దాని కింది భాగంలో అరంగుళం ప్లేటుతో చెవులు రెండు జతలు, అంగుళం పిన్నులు. ఏ-ఫ్రేమ్ ఆ పిన్నుల మీద పైకీ కిందికీ స్వేచ్ఛగా ఊగాలి. ప్లేటు మధ్యలో నిట్టనిలువుగా చదరపు గొట్టంతో చిన్న స్తంభం. దాని తలనుంచి ఏ-ఫ్రేమ్ ముందు భాగానికి 5/16 అంగుళం గ్రేడ్ 70 గొలుసు, పని బరువు 4,700 పౌన్లు. లోడర్ ఎత్తితే గొలుసు బిగిసి ప్లో లేస్తుంది. దించితే ప్లో నేలమీద వాలి గొలుసు వదులవుతుంది.

ట్రాక్టర్ యజమాని:
అన్నా, ఈ స్తంభం, గొలుసు ఎందుకు? జాయ్‌స్టిక్‌ను ముందుకు నొక్కి ఫ్లోట్‌లో పెడితే లోడరే నేలతోపాటు పైకీ కిందికీ కదులుతుంది కదా. నేరుగా ప్లేటుకే వెల్డ్ చేస్తే పని సగమవుతుంది.

వెల్డింగ్ పని:
నేరుగా వెల్డ్ చేసినా తారు మీద నడుస్తుందండీ. కానీ మూడు చిక్కులున్నాయి. ఒకటి, ఫ్లోట్‌లో ప్లో బరువుతోపాటు లోడర్ చేతుల బరువు కూడా బ్లేడు మీదే పడుతుంది. కంకర మీద అది దున్నేస్తుంది, వసంతంలో ఆ రాళ్ళన్నీ గడ్డిలోంచి మనమే ఏరాలి. రెండు, ఫ్లోట్ ఎత్తుకే పనిచేస్తుంది, బకెట్ వాలు సిలిండర్లకు పనిచేయదు. మూడు, ఫ్లోట్ నుంచి మామూలుకు, మళ్ళీ ఫ్లోట్‌కు ఒక్కో గెంటుకీ మార్చాలి. ఎవరైనా మరిచి లోడర్‌ను కిందికి నొక్కితే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి, స్టీరింగ్ ఉండదు. గొలుసుంటే లోడర్‌ను ఒకే ఎత్తులో ఉంచి మూడు లింకులు వదులుండేలా దించితే చాలు, నేల ఎత్తుపల్లాలను ప్లో తనే చూసుకుంటుంది.

ఇంకో సంగతి. ట్రాక్టర్ ముందు యాక్సిల్ ఊగుతుంది కానీ లోడర్ ఒళ్ళు వెనక చక్రాలతోపాటే వాలుతుంది. ఒక వెనక చక్రం గడ్డకట్టిన మంచు దిబ్బ ఎక్కితే బ్లేడు ఒక మూల గుచ్చుకుని రెండో మూల లేస్తుంది. అందుకే చెవుల పిన్ను రంధ్రాలను కొద్దిగా నిలువుగా సాగదీసి, బ్లేడు చివర రెండు మూడు అంగుళాలు పైకీ కిందికీ ఆడేంత వెసులుబాటు ఇస్తాను.

కొలతలో తప్పు జరిగేది ఇక్కడే: బ్లేడు నేలమీద ఉన్నప్పుడు ఏ-ఫ్రేమ్ నేలకు సమాంతరంగా, బ్లేడు తిరిగే పెద్ద పిన్ను నిట్టనిలువుగా ఉండాలి. పిన్ను వాలితే బ్లేడును ఎడమకు తిప్పినప్పుడు ఒక మూల గీకుతుంది, కుడికి తిప్పితే రెండోది. ఎడ్జ్ ఒకే సీజన్‌లో ఏటవాలుగా అరిగిపోతుంది. అందుకని చదునైన కాంక్రీటు మీద అన్నీ పేర్చి, ట్రాక్టర్ టైర్లలో గాలి సరిచూసి, పిన్నుకు లెవెల్ పెట్టి, టాక్ (తాత్కాలికంగా నిలిపే చిన్న వెల్డ్ చుక్కలు) వేశాకే అసలు వెల్డింగ్. క్విక్ అటాచ్ ప్లేటు నిలువుగా ఉన్న స్థానంలో లోడర్ వాలు సూచిక కడ్డీకి తెల్లరంగు గీత వేద్దాం, ఎవరు నడిపినా ఆ గీతకు తెచ్చుకుంటారు. వాలు సిలిండర్లు పాతవైతే మెల్లగా జారతాయి, పావుగంటకోసారి గీత చూసుకోవాలి. అసలు వెల్డింగ్ అంతా ట్రాక్టర్ నుంచి విడదీశాకే చేస్తాను. దాని ఎలక్ట్రానిక్స్‌తో ఆటలొద్దు.

ట్రిప్ స్ప్రింగులు (అడ్డు తగిలితే బ్లేడును ఒరగనిచ్చి మళ్ళీ లేపేవి) కూడా చూశాను. ఇది బ్లేడంతా ముందుకు ఒరిగే రకం. మ్యాన్‌హోల్ మూతో, రాయో తగిలితే ఒరిగి దాటి, మళ్ళీ లేస్తుంది. స్ప్రింగు మరీ వదులైతే తడి మంచు బరువుకే ఒరిగిపోతుంది, మరీ బిగిస్తే అసలు ఒరగదు. చుట్ల మధ్య దళసరి కాగితం దూరేంత సందు వచ్చేదాకా బిగించి ఆపేద్దాం.

హైడ్రాలిక్స్:
యాంగిల్ సిలిండర్లు రెండూ ఒకవైపు మాత్రమే నూనె తోసే రకం. వెనక రిమోట్ జతలో ఒక పోర్టు ఎడమ సిలిండర్‌కు, రెండోది కుడి సిలిండర్‌కు ఇస్తే సరిపోతుంది. ఒకటి సాగుతుంటే రెండోదాని నూనె వాల్వు గుండా ట్యాంకుకు వెళ్తుంది. ట్రక్కు పంపు అవసరం లేదు.

కానీ రిమోట్ లివరు మధ్యలో ఉన్నప్పుడు రెండు లైన్లూ మూసుకుపోతాయి. వాలుగా ఉన్న బ్లేడు చివర దేనికైనా కొడితే ఆ వైపు సిలిండర్‌లో నూనెకు దారి ఉండదు. హోస్ పగలాలి, లేదా కడ్డీ వంగాలి, రెండూ తట్టుకుంటే మెలి లోడర్‌కు వెళ్ళాలి. పైన అన్న చెప్పింది ఇదే. కాబట్టి రెండు లైన్ల మధ్య సిలిండర్లకు దగ్గరగా క్రాస్‌ఓవర్ రిలీఫ్ వాల్వు తప్పనిసరి. ఒత్తిడి హద్దు దాటగానే నూనెను ఒక సిలిండర్ నుంచి రెండోదానిలోకి వదులుతుంది, బ్లేడు పక్కకు తిరిగి తప్పుకుంటుంది. ట్రాక్టర్ సిస్టమ్ ప్రెజర్‌ను గేజీతో కొలిచి, దానికంటే నాలుగైదు వందల పీఎస్‌ఐ తక్కువకు దీన్ని పెడతాను. ఎక్కడ డబ్బు తగ్గించినా ఈ వాల్వు దగ్గర తగ్గించకండి.

హోస్ 3/8 అంగుళంది, రెండు వరుసల తీగ అల్లికతో. పావంగుళంది చవకే గానీ చలిలో చిక్కబడిన నూనె దానిలో కదలదు. లోడర్ కీలు దగ్గర వంపు వదిలి, లోడర్ పూర్తిగా ఎత్తీ దించీ చూశాకే క్లిప్పులు బిగించాలి. లీకు అనుమానం వస్తే అట్టముక్క అడ్డుపెట్టి చూడండి, చెయ్యి మాత్రం పెట్టకండి. సూది మొనంత లీకయినా చర్మంలోకి దూరితే సర్జరీదాకా వెళ్తుంది.

ట్రాక్టర్ యజమాని:
వాల్వు ఖర్చు నాది, రాసుకోండి. కంకర వైపు సంగతేంటి? నేల పూర్తిగా గడ్డకట్టకపోతే ఎంత తేలికపాటి ప్లో అయినా తవ్వుతుంది.

వెల్డింగ్ పని:
దానికి మంచి ఉపాయముంది. రెండంగుళాల ఇనప గొట్టం ఏడున్నర అడుగులు తీసుకుని, పొడవునా ఒక చీలిక కోసి, కటింగ్ ఎడ్జ్‌కు కిందినుంచి తొడిగేయడం. గుండ్రని అంచు కంకర మీద జారిపోతుంది, పైన అరంగుళం మంచు పలచగా మిగులుతుంది. ఆ పొర గడ్డకడితే కంకరను పట్టి ఉంచుతుంది కూడా. రెండు చివర్లా బోల్టులు వేస్తాను. తారు పని ముందు ముగించి, గొట్టం తొడిగి, చివర్లో కంకర వైపు వెళ్దాం. స్కిడ్ షూలను (బ్లేడును నేలకు కాస్త ఎత్తున ఉంచే పాదాలను) తారు మీద పూర్తిగా పైకెత్తేయొచ్చు.

ట్రాక్టర్ నడిపేవారు:
బరువు గురించి. ముందు నాలుగైదు వందల పౌన్లు వేలాడుతుంటే వెనక టైర్లు తేలికై ఊరికే తిరుగుతాయి. ట్రాక్టర్ వెనక పనిముట్లు తగిలించే త్రీ పాయింట్ హిచ్‌కు ఆరు, ఏడు వందల పౌన్ల ఇసుక పెట్టె కావాలి. దానికి తోడు వెనక టైర్లలో బీట్ రసం ద్రవం నింపిద్దాం, తుప్పు పట్టించదు, ఇక్కడి చలికి గడ్డకట్టదు.

బ్లేడును పూర్తిగా, అంటే 30 డిగ్రీలు తిప్పితే 90 అంగుళాల వెడల్పు 78 అవుతుంది. టైర్ల బయటి వెడల్పు అంతకంటే తక్కువే కాబట్టి మంచు మీద చక్రం పడదు. ఒక్కో గెంటుకు అడుగు అతివ్యాప్తి వదిలితే నికరంగా ఐదున్నర అడుగులు. లాట్ మొత్తానికి ఆరువేల అడుగుల నడక. గంటకు నాలుగు మైళ్ళ వేగంతో ఇది పదిహేడు నిమిషాలే, కానీ వెనక్కి రావడం, గుట్టలు నెట్టడం కలిపి గంటన్నర పెట్టుకోండి. ఆ వేగం దాటొద్దు. గేరు లో లేదా మిడ్ రేంజ్, ఎప్పుడూ ఫోర్ వీల్ డ్రైవ్. గుట్టను పరుగెత్తి గుద్దడం నిషేధం.

మధ్యదారి ముందు తీసి, రెండు వైపులకూ పంచుకుంటూ పోవాలి. గుట్టలు పల్లపు వైపే ఉండాలి. మెరకన పెడితే మధ్యాహ్నం కరిగిన నీళ్ళు లాట్ అంతా పారి సాయంత్రానికి అద్దంలా గడ్డకడతాయి, పట్టుచీరల్లో, చెప్పుల్లో వచ్చేవాళ్ళు జారేది అప్పుడే. ఫైర్ హైడ్రెంట్ చుట్టూ, వికలాంగుల స్థలాల్లో, రోడ్డుకు కలిసే మూలల్లో గుట్ట వేయకూడదు. మంచును పబ్లిక్ రోడ్డు మీదికి నెట్టడం ఈ రాష్ట్రంలో చట్టవిరుద్ధం. గుమ్మం ముందు బ్లేడు దించి వెనక్కి లాగి, పది పన్నెండు అడుగులు బయటికి వచ్చాక తిరిగి నెట్టాలి.

హాల్ బాధ్యత:
తమ్ముడూ, టైర్లకు గొలుసులు వేస్తారా? తారు గీతలు పడితే డిపాజిట్‌లో కోస్తామని హాల్ వాళ్ళు ముందే అన్నారు. గుమ్మం దగ్గర ఇటుక పేవర్లు కూడా ఉన్నాయి.

ట్రాక్టర్ నడిపేవారు:
అక్కా, మెత్తటి మంచుకు గొలుసులు లేకుండానే బరువుతో లాగించేస్తాం. కింద ఐసు ఉంటేనే వేస్తాం, అప్పుడు కూడా వెనక టైర్లకే, ట్రాక్టర్ ఆగి ఉండగా స్టీరింగ్ తిప్పకుండా. మన టైర్లు ఇండస్ట్రియల్ రకం, ఐసు మీద పట్టు తక్కువ, అందుకని గొలుసులు వెంట ఉండి తీరాలి. పేవర్ల మీదికి ట్రాక్టర్ రాదు, అక్కడ చేతి స్నోబ్లోయర్, పారలు. ఈ మాట హాల్ వాళ్ళకు రాతపూర్వకంగా ఇవ్వండి. లయబిలిటీ బీమాలో మంచు తీసే పని కవర్ అవుతుందో లేదో కూడా అడిగి పెట్టండి.

ఉప్పు అతిగా చల్లొద్దు. 12 ఔన్సుల కాఫీ మగ్గు ఉప్పు ఇరవై అడుగుల డ్రైవ్‌వేకు చాలని రాష్ట్ర కాలుష్య నియంత్రణ సంస్థే చెబుతోంది. నేల 15 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లబడితే మామూలు ఉప్పు పెద్దగా పనిచేయదు, అప్పుడు గుమ్మాల దగ్గర ఇసుక, మరీ అవసరమైతే కాల్షియం క్లోరైడ్.

ట్రాక్టర్ యజమాని:
శుక్రవారం రాత్రే ట్రాక్టర్‌ను ట్రైలర్‌పై తెస్తాను. ఇంజన్‌ను వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్‌కు కరెంటు ప్లగ్ కావాలి, హాల్ వెనక గోడ దగ్గర ఉందా? తెల్లవారుజామున బండి తీయడానికి మూడు గంటల ముందే హీటర్ పెట్టాలి. డీజిల్ శీతాకాలపు మిశ్రమం పోయిస్తాను, డీజిల్ గడ్డకట్టనివ్వని యాడిటివ్ ట్యాంకులో ముందు పోసి తర్వాత డీజిల్. గడ్డకట్టాక పోస్తే లాభం లేదు. ఇంజన్‌కు పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉంది కాబట్టి గంటలకొద్దీ ఐడిల్‌లో వదిలేయకండి, మసి నిండి పనిమధ్యలో రీజెన్ (ఆ మసిని కాల్చి ఫిల్టర్ శుభ్రం చేసుకోవడం) అడుగుతుంది. పది పదిహేను నిమిషాలు వెచ్చబెట్టి, హైడ్రాలిక్స్ నెమ్మదిగా నాలుగుసార్లు ఆడించి, పనిలో దిగడమే.

భోగి మంట బృందం:
మాకూ ఒక చోటు తీసిపెట్టండి. తారు మీద మంట వేస్తే కరుగుతుంది, అందుకని కంకర వైపు, గోడకు 25 అడుగుల దూరం దాటి. మంట మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు మించనివ్వం, అంతకు మించితే పర్మిట్ కావాలి. సిటీ ఫైర్ డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేసే పని మాది. పిల్లలు చుట్టూ నిలబడతారు కాబట్టి ఇరవై అడుగుల వలయం కావాలి.

పార్కింగ్ బాధ్యత:
సరే, పెట్టుకుందాం. ఆ వలయం గొట్టం తొడిగాక చివరి గెంటు, గుట్ట మంటకు అవతలి వైపు.

నవంబరు మొదటి వారంలోనే, నేల గడ్డకట్టకముందే, కాలిబాట అంచులు, మ్యాన్‌హోల్ మూతలు, హైడ్రెంట్ల పక్కన నాలుగడుగుల నారింజ కర్రలు పాతాలి. తర్వాత సుత్తి కూడా దిగదు. దీనికి ఇద్దరు కావాలి. వెల్డింగ్ అక్టోబరు చివరికి, హైడ్రాలిక్స్ ఆ తర్వాతి వారాంతం. మొదటి మంచు ఎప్పుడు పడితే అప్పుడు యజమాని గారి పొలంలో ఒకసారి నడిపి చూద్దాం. అయ్యాక లోడర్ బోల్టులన్నీ టార్క్ రెంచితో మళ్ళీ చూడాలి, మొదటి రెండు గంటల్లోనే వదులవుతాయి. శనివారం ఉదయం ఐదున్నరకు డ్రైవర్, నేలమీద దారి చూపే మనిషి ఒకరు, ఇద్దరూ రేడియోలతో ఉండాలి. రెండో షిఫ్టుకు నడపగలవాళ్ళు ఇంకొకరు కావాలి, ట్రాక్టర్ అలవాటున్నవాళ్ళే పేరివ్వండి. ప్లగ్ సంగతి అక్క రేపు హాల్ వాళ్ళను అడిగి ఇక్కడే రాస్తారు.