అప్‌డేట్: సిలికా మోనోలిత్ ఈసారి తెల్లగా వచ్చింది

సిలికా మోనోలిత్ (సన్నని రంధ్రాలతో నిండిన ఒకే సిలికా ముక్క) కోసం టీఈఓఎస్ (సిలికానిచ్చే ద్రవం), పీఈజీ (నీటిలో కరిగే పాలిమర్)తో చేసిన జెల్ గాజులా పారదర్శకంగా ఉండిపోతోందని, ఆరేటప్పుడు పగులుతోందని ఇదివరకు ఇక్కడ అడిగింది నేనే. నెల్లూరులో ఎమ్మెస్సీ ప్రాజెక్ట్.

పీఈజీ తగ్గించమన్న సలహా పనిచేసింది. పీఈజీ సిలికాకు అతుక్కుంటుంది కాబట్టి మరీ ఎక్కువైతే ఫేజులు (సిలికా ఎక్కువున్న భాగం, ద్రావకం ఎక్కువున్న భాగం) విడిపోవడం ఆలస్యమవుతుంది, ఈలోపే జెల్ గట్టిపడుతుంది. పెద్ద రంధ్రాలు రావాలంటే విడిపోవడం కాస్త ముందు మొదలై, సగంలో జెల్ దాన్ని పట్టేయాలి. ఇప్పుడు సుద్దముక్కలా తెల్లగా వచ్చింది, అంటే పెద్ద రంధ్రాలు వచ్చినట్టే. మే నెల ఎండకు మా ల్యాబ్ గది వేడి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, అందుకే కలిపేది ఐస్‌లో, గట్టిపడనిచ్చేది 40 డిగ్రీల వాటర్ బాత్‌లో.

తర్వాత యూరియా ద్రావణంలో 120 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ (ప్రెషర్ కుక్కర్‌లా మూత బిగించిన పాత్ర)లో వేడిచేశాను. యూరియా నుంచి వచ్చే అమ్మోనియా సిలికాను కొంచెం కరిగించి మళ్లీ పేరుస్తుంది, గోడల్లోని నానోమీటర్ల రంధ్రాలు వెడల్పవుతాయి. నీటిని ఇథనాల్‌తో మార్చి నిదానంగా ఆరబెట్టాక పగుళ్లు దాదాపు పోయాయి.

టీఈఓఎస్ బదులు గూడూరు, చిల్లకూరు సిలికా ఇసుక వాడొచ్చు కదా అన్నవాళ్లకు: నేరుగా కుదరదు, ముందు సోడియం సిలికేట్‌గా మార్చాలి. అది ఇంకో ప్రాజెక్ట్!

సెమ్‌కి (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్), నైట్రోజన్ అధిశోషణానికి (శాంపిల్ ఎంత నైట్రోజన్ పట్టుకుంటుందో కొలిచే పరీక్ష) శాంపిల్స్ బయటికి పంపాను. సెమ్‌లో పెద్ద రంధ్రాలే తెలుస్తాయి, చిన్నవాటికి రెండోదే ఆధారం.