వేరే కంపెనీ ఇంకు వాడితే ఇంటి ప్రింటర్ పాడవుతుందా?

సీతమ్మధార లెక్కల టీచర్:
అందరికీ నమస్కారం. ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలకు ఇంట్లో లెక్కల ట్యూషన్ చెబుతాను. ప్రశ్నపత్రాలు ఇంట్లోనే ప్రింట్ తీస్తాను, నెలకు 150 పేజీల దాకా. మా ప్రింటర్‌లో రెండు కార్ట్రిడ్జ్‌లుంటాయి: ఒకటి నలుపు, ఒకటి మూడు రంగులు కలిసినది. నల్లది దాదాపు 900 రూపాయలు. డబ్బా మీద 190 పేజీలని రాసి ఉంది కానీ, త్రికోణమితి బొమ్మలు ఎక్కువైతే అన్ని రావు. కాగితం కలపకుండానే పేజీకి అయిదు రూపాయలు! ప్రింటర్ ధరను ఇంకు ఖర్చు ఎప్పుడో దాటేసింది.

ద్వారకానగర్‌లో ఒక షాపులో అదే నంబరు కార్ట్రిడ్జ్‌ను వేరే పేరుతో 400కు ఇస్తామన్నారు. ఇంకో షాపాయన 200 ఇస్తే నా పాతదే నింపి ఇస్తానంటున్నాడు. వారంటీ పోతుందని మావారు భయపెడుతున్నారు. ఆయన అలా భయపెట్టని వస్తువు మా ఇంట్లో లేదు కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. వాడినవారు చెప్పండి.

మద్దిలపాలెం విద్యార్థి:
అక్కా, యూనివర్సిటీ వైపు జెరాక్స్ షాపులకు వచ్చేయండి. ఒక ప్రతి మాత్రం ప్రింట్ తీసుకుని మిగతావి జెరాక్స్ చేయిస్తే మీ అయిదు రూపాయల్లో సగం కూడా కాదు.

సీతమ్మధార లెక్కల టీచర్:
తమ్ముడూ, రాత్రి పదింటికి ప్రశ్నపత్రం తయారవుతుంది, పొద్దున ఆరింటికి పిల్లలు వచ్చి కూర్చుంటారు. ఆ మధ్యలో తెరిచి ఉండే జెరాక్స్ షాపు ఉంటే చెప్పు, అక్కడికే ఇల్లు మారుస్తాను.

గాజువాక పాతకాపు:
టీచరమ్మగారూ, ప్రింటర్లు బాగుచేయడం నా పని. ఒరిజినలా, వేరేదా అన్నది తర్వాత సంగతి. ముందు మీ ప్రింటర్‌కు హెడ్, అంటే కాగితం మీద ఇంకు చుక్కలు చిమ్మే భాగం, ఎక్కడుందో చూడండి. కార్ట్రిడ్జ్‌ను బయటకు తీస్తే దాని మీద రాగిరంగు చుక్కల పట్టీ, అడుగున సన్నని పలక కనిపిస్తాయా? అయితే హెడ్ కార్ట్రిడ్జ్‌లోనే ఉంది. నలుపు ఒకటి, మూడు రంగులది ఒకటి ఉండే జత దాదాపు ఈ రకమే. కార్ట్రిడ్జ్ మార్చినప్పుడల్లా మీరు హెడ్‌ను కూడా కొత్తగా కొంటున్నారన్నమాట. అందుకని నాసిరకం ఇంకు పోసినా, లోపల కారిపోతే తప్ప, చెడేది ఆ కార్ట్రిడ్జే. హెడ్ ప్రింటర్‌లోనే ఉండి ఇంకు డబ్బాలు మాత్రం మారే రకమైతే ఇంత ధైర్యంగా చెప్పను. అక్కడ హెడ్ పూడుకుపోయిందంటే, కొత్త ప్రింటర్ కొనుక్కోవడమే నయమనిపించే బిల్లు వస్తుంది.

షాపులో చెప్పని మాట ఒకటుంది. హెడ్‌తో వచ్చే ఈ రకంలో, వేరే పేరుతో అమ్మే కార్ట్రిడ్జ్‌లు చాలావరకు ఎవరో వాడి వదిలేసిన ఒరిజినల్సే. శుభ్రం చేసి, నింపి, కొత్త స్టిక్కరు అంటిస్తారు. అంతకుముందు ఎన్నిసార్లు నింపారో ఎవరికి తెలుసు? మీ పాతదాని చరిత్ర మీకు తెలుసు కదా. నేనైతే ఆ 200 ఆయన దగ్గరికే వెళతాను.

అయితే ఇంకు పూర్తిగా అయిపోకముందే వెళ్లాలి. హెడ్‌లో అతి చిన్న హీటర్లుంటాయి. అవి ఇంకును క్షణంలో మరిగిస్తే బుడగ పుట్టి చుక్కను బయటకు తోస్తుంది. ఇంకు లేకుండా ప్రింట్ కొట్టిస్తే, నీళ్లు లేని గిన్నెను పొయ్యి మీద వదిలేసినట్టే, అవి మాడిపోతాయి. ఆ తర్వాత ఎంత మంచి ఇంకు పోసినా అక్షరాల మధ్య తెల్లగీతలు పోవు.

ఏ ఇంకు పోస్తున్నాడో కూడా అడగండి. ఈ జతల్లో నలుపు మామూలుగా పిగ్మెంట్, రంగులు డై. పిగ్మెంట్ రేణువులు కాగితం పైనే నిలుస్తాయి, డై లోపలికి ఇంకిపోతుంది. చౌక కదా అని నలుపులోనూ డై పోసేవాళ్లున్నారు. అప్పుడు అక్షరాల అంచులు పాకుతాయి, పిల్లల చేతి చెమట తగిలితే అలుక్కుపోతాయి. పైగా మన విశాఖ గాలికి కాగితం ముందే మెత్తబడి ఉంటుంది. షాపులోనే ఒక పేజీ తీయించి, ఆరాక తడివేలితో రుద్ది చూడండి. ఇంట్లో కాగితాల కట్టను ట్రేలో వదిలేయకుండా కవరులో పెట్టండి.

నింపాక కూడా కంప్యూటర్‌లో ఇంకు అయిపోయిందనే కనిపిస్తుంది, కంగారు పడకండి. ప్రింటర్ ఇంకును కొలవదు, వాడిన చుక్కలను లెక్కవేస్తుంది. ఇక మీవారి భయం. హెచ్‌పీ వారంటీ పత్రంలోనే రాసి ఉంది: బయటి కార్ట్రిడ్జ్ వాడినంతమాత్రాన వారంటీ పోదు, దానివల్లే పాడైతే మాత్రం ఆ రిపేరు ఖర్చు మనదే. మీది వేరే కంపెనీదైతే ఆ పత్రం చదవండి.

అక్కయ్యపాలెం అకౌంటెంట్:
పాతకాపుగారి మాటకు ఒక చేర్పు. చిప్పు ఉన్న కార్ట్రిడ్జ్‌లైతే ప్రింటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో జాగ్రత్త. 2016 సెప్టెంబరులో హెచ్‌పీ ఆఫీస్‌జెట్ ప్రింటర్లు కొన్ని, అంతకుముందు దాకా పనిచేసిన బయటి కార్ట్రిడ్జ్‌లను ఒక్కసారిగా తిరస్కరించాయి. అమెరికాలో కోర్టు దాకా వెళ్లింది.

అయినా టీచర్‌గారూ, నల్ల అక్షరాలకు ఇంక్‌జెట్ ఎందుకండీ? సెకండ్‌హ్యాండ్ లేజర్ ప్రింటర్ చూడండి. అందులో ఇంకుకు బదులు టోనర్ అనే పొడి ఉంటుంది. పాత హెచ్‌పీ లేజర్లలో వాడే 12ఏ నంబరు టోనర్ డబ్బా ఒక్కటి 2000 పేజీలు ఇస్తుంది, నింపేవాళ్లు వీధికొకరు దొరుకుతారు. పొడి కాబట్టి వేసవి సెలవుల్లో వాడకపోయినా ఎండిపోదు.

సీతమ్మధార లెక్కల టీచర్:
రాగిరంగు పట్టీ ఉంది! రేపే నింపిస్తాను. లేజర్ సంగతి జూన్‌లో కొత్త బ్యాచ్ ఫీజులు వచ్చాక చూస్తాను. ఇంకో అనుమానం: రంగులది అసలు వాడను, అయినా తరిగిపోతోంది. తీసి పక్కన పెట్టవచ్చా?

గాజువాక పాతకాపు:
హెడ్ శుభ్రం చేసుకోవడానికి ప్రింటరే కొంత వాడేస్తుందమ్మా. గోడ స్విచ్ కట్టేయకుండా ముందు ప్రింటర్ బటన్‌తో ఆపండి, హెడ్‌కు మూత పడుతుంది, ఎండిపోదు. కొన్ని ప్రింటర్లు ఒక్క నల్లదానితోనే నడుస్తాయి, కొన్ని ససేమిరా అంటాయి. తీసి చూడండి. తీస్తే మాత్రం గుడ్డ మీదో టిష్యూ మీదో పెట్టకండి, అది ఇంకును పీల్చేస్తుంది. హెడ్‌కు ఏమీ తగలకుండా గాలి చొరబడని డబ్బాలో ఉంచండి.