రెండో కాన్పు తర్వాత పొత్తికడుపు నొప్పి: శొంఠి కషాయమా, మాత్రా?

ప్రశ్న:
నాకు రెండో కాన్పు అయి ఇవాళ్టికి మూడో రోజు. పాప రొమ్ము పట్టగానే పొత్తికడుపులో మెలిపెట్టినట్టు వస్తోంది. ఆ పది నిమిషాలూ దిండు గట్టిగా పట్టుకుని కూర్చుంటున్నా. మొదటిసారి ఇంత లేదు. డాక్టర్ గారు ఐబుప్రోఫెన్ రాశారు. అత్తయ్యేమో మాత్రలు పాలలోకి దిగుతాయి, శొంఠి కషాయం తాగమంటున్నారు. తెలిసినవాళ్ళు ఇచ్చిన మూలికల పొడి డబ్బా కూడా ఉంది. మూలికలతో నిజంగా తగ్గుతుందా?

జవాబు 1 (కాన్పుల వార్డు నర్సు):
చెల్లీ, బిడ్డ పాలు చీకినప్పుడు ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై గర్భసంచి ముడుచుకుంటుంది. రక్తస్రావం తగ్గాలంటే అది ముడుచుకోవాల్సిందే. మొదటి కాన్పు కంటే తర్వాతి కాన్పులకే ఈ నొప్పి ఎక్కువ. "మళ్ళీ పురిటి నొప్పులా సిస్టర్?" అని మా వార్డులో ఎంతమంది భయపడి పిలుస్తారో.

ఇది మామూలుగా కొద్ది రోజుల్లో తనంతట తానే తగ్గే నొప్పి. చిక్కంతా అక్కడే. రెండో రోజు ఏది తాగినా, నాలుగో రోజుకి దానివల్లే తగ్గిందనిపిస్తుంది. అందుకే కొందరికి మందు, కొందరికి మందులాగే కనిపించే ఉత్త మాత్ర ఇచ్చి పోల్చి చూడాలి. ఈ నొప్పి మీద జరిగిన 28 పరీక్షలను కాక్రేన్ అనే సంస్థ (వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసేది) 2020లో కలిపి చూసింది. ఐబుప్రోఫెన్ జాతి మందులు ఉత్త మాత్ర కంటే మెరుగ్గా పనిచేస్తాయనే వాటిలో కనిపించింది. మూలికల మీద జరిగినవి కొన్నే, అవీ చిన్నవి.

శొంఠి పనిచేయదని మాత్రం అనను. నెలసరి నొప్పికి అల్లం పొడి కొంత ఉపశమనం ఇచ్చిన పరీక్షలున్నాయి. కానీ కాన్పు తర్వాతి నొప్పికి అంత గట్టి ఆధారం లేదు. ఐబుప్రోఫెన్ పాలలోకి దిగేది చాలా చాలా కొంచెం. అల్సర్, కిడ్నీ సమస్య, ఆస్తమా లాంటివి ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పు.

జవాబు 2:
నేను కుట్ల నొప్పికి గోరువెచ్చని నీళ్ళలో లావెండర్ నూనె చుక్కలు వేసుకుని కూర్చునేదాన్ని. హాయిగా ఉండేది. అది నూనె వల్లో, వేడి నీళ్ళ వల్లో చెప్పలేను.

జవాబు 3 (అదే నర్సు):
నిజమే అక్కా. వాసన ముక్కుకి తెలిసిపోతుంది కాబట్టి, తనకి ఇచ్చింది ఏదో తల్లికి తెలియకుండా పరీక్ష చేయడమే కష్టం.

చెల్లీ, ఆ డబ్బా మీద ఏమేం కలిపారో రాసుందా?

ప్రశ్న అడిగినవారు:
లేదక్కా, మూత మీద చేత్తో "బాలింతలకు" అని మాత్రమే ఉంది.

జవాబు 4 (నర్సు):
అయితే దాన్ని ముట్టుకోకు. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందుల్ని అమెరికాలో పరీక్షిస్తే దాదాపు ఐదో వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. 2008లో వచ్చిన అధ్యయనం అది. సీసం పాలలోకీ వెళ్తుంది. ఆ పొడిలో అతిమధురం ఉందో లేదో కూడా తెలియదు, అది ఎక్కువైతే బీపీ పెరుగుతుంది. నీకు గర్భంతో ఉన్నప్పుడు బీపీ ఉండి ఉంటే ఇంకా జాగ్రత్త.

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, స్రావం దుర్వాసన వస్తున్నా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా కషాయం, మాత్ర అని ఆలోచిస్తూ కూర్చోకు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళు.

ప్రశ్న అడిగినవారు:
బీపీ, జ్వరం ఏవీ లేవక్కా. ఇదంతా అత్తయ్యకి చదివి వినిపించాను. డబ్బా ఆవిడే తీసి పక్కన పెట్టేశారు. మధ్యాహ్నం పాలివ్వడానికి అరగంట ముందు మాత్ర వేసుకున్నా. నొప్పి వచ్చింది కానీ దిండు పట్టుకోవాల్సిన అవసరం రాలేదు.