బ్లాంక్ సీడీలు ఎన్నాళ్ళు నిలుస్తాయో ముందే తెలుసుకునే మార్గం ఉందా?

హరికథ_మనవడు:

మా తాతయ్య హరికథలు చెప్పేవారు. 80ల్లో, 90ల్లో రికార్డ్ చేసిన క్యాసెట్లు 23 దొరికితే అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను. హార్డ్ డిస్కులో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉన్నాయి కాబట్టి రికార్డింగులు పోతాయన్న భయం లేదు. కాకపోతే మా ఊరి రామాలయం మైక్ సెట్‌లో ఇప్పటికీ సీడీ ప్లేయరే, మా పెద్దమ్మ ఇంట్లోనూ అదే, కాబట్టి అందరూ ఆడియో సీడీలే అడుగుతున్నారు. సరేనని 50 సీడీల డబ్బా ఒకటి కొన్నాను.

నా టెన్షన్ ఏంటంటే, 2006లో మా అక్క పెళ్ళి వీడియో మూడు వీసీడీల్లో ఇచ్చారు. మొన్న పెట్టి చూస్తే రెండోది సరిగ్గా తలంబ్రాల దగ్గర ఆగిపోయింది. తీసి ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పెడితే అంచున రేకు లేచిపోయి అవతలి వెలుగు కనిపిస్తోంది. ఇప్పుడు కొన్న డబ్బా కూడా ఆ బాపతేనేమో ఎలా తెలుస్తుంది? రాయకముందే పరీక్షించొచ్చా? రాశాక "వెరిఫై" కొడితే సరిపోతుందా?

పాత_స్టూడియో:

తెనాలిలో పదేళ్ళు వీడియో మిక్సింగ్ చేశాను తమ్ముడూ, ఇలాంటి పెళ్ళి సీడీలు వేలల్లో కొట్టి ఇచ్చాం. నీకు రేకు అంచున లేచింది అంటే అది మామూలుగా జరిగేదే. జనం కింద మెరిసే వైపు గీతలు పడకుండా చూసుకుంటారు గానీ అసలు సున్నితమైనది పైవైపు. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు, దాదాపు అదంతా ప్లాస్టిక్కే. డేటా రాసుకునే రంగు పూత, దాని మీద వెండి రేకు, ఆ పైన పల్చటి లక్క లాంటి పూత, ఇవన్నీ పేరు రాసే వైపే ఉంటాయి. కింద గీత పడితే పాలిష్ చేసుకోవచ్చు, పైన గీత పడితే డేటానే గీరినట్టు. అంచు దగ్గర ఆ పూత సరిగ్గా మూసుకోకపోతే తేమ లోపలికి పోయి రేకు పాడవుతుంది, మన కోస్తాలో వానాకాలం సంగతి చెప్పక్కర్లేదు కదా.

డబ్బా రాగానే మేం చేసే పని: నాలుగైదు తీసి లైటుకి పట్టి చూసేవాళ్ళం. సూది మొన అంత చుక్కలు మెరుస్తున్నాయా, రంగు పూత అంచు వరకు సమంగా ఉందా, మధ్య రంధ్రం చుట్టూ పగులు ఉందా అని. తర్వాత ఒకదాన్ని బలివ్వాలి. పైవైపు సెల్లో టేప్ గట్టిగా అంటించి ఒక్కసారి లాగితే, నాసిరకం దానికి రేకు పొట్టు లేచినట్టు టేపుతో వచ్చేస్తుంది. అలా వస్తే ఆ డబ్బా వెనక్కే. ఇది ప్రమాణం కాదు, కొట్టు దగ్గర నిలబడి చేసే మొరటు పరీక్ష అంతే.

ఇంకో మాట, పెళ్ళికూతురు పెళ్ళికొడుకు ఫొటో ఉన్న గుండ్రటి స్టిక్కర్లు అంటించిన పాపం మాది కూడా. అవి నాలుగేళ్ళకి ఒక పక్క లేస్తాయి, లేస్తూ రేకుని కూడా లాగుతాయి, బరువు సమంగా లేక సీడీ డ్రైవ్‌లో ఊగుతుంది. నువ్వు మాత్రం స్టిక్కర్ జోలికి పోకు.

స్కాన్_పిచ్చి:

అన్న చెప్పింది కళ్ళతో చూసే పరీక్ష, బావుంది. కానీ ఖాళీ సీడీని ఖాళీగా ఉంచి దాని నాణ్యత కొలవలేం, రాసి చూడాల్సిందే. రాయకముందు తెలిసేది ఒక్కటే, ఏటిప్ కోడ్, అంటే సీడీ ఎవరు తయారు చేశారో చెప్పే నంబరు. బర్నింగ్ సాఫ్ట్‌వేర్‌లో డిస్క్ ఇన్ఫో చూడు, 97తో మొదలయ్యే నంబరు వస్తుంది. 97:24:01 అంటే జపాన్ తైయో యుదెన్, 97:34:23 అంటే మిత్సుబిషి కెమికల్, 97:17:06 అంటే మన మోజర్ బేర్, ఇలా. డబ్బా మీద పేరు ఒకటి, లోపల తయారు చేసింది ఇంకొకరు అవడం ఈ వ్యాపారంలో మామూలే. ఈ కోడ్‌ని కూడా నకిలీ చేసేవాళ్ళు ఉన్నారు కాబట్టి అదే వేదం అనుకోకు.

పైగా పాత సరుకు సంగతి ఒకటుంది. తైయో యుదెన్ 2015 చివరికి సీడీలు మానేసింది, మోజర్ బేర్ 2018లో లిక్విడేషన్‌లోకి పోయింది. ఈ పేర్లతో ఇప్పుడు డబ్బా దొరికితే అది ఎక్కడో గోడౌన్‌లో ఏళ్ళ తరబడి మగ్గి ఉండొచ్చు. అమెరికాలో ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో లైబ్రరీల కోసం ఒక గైడ్ వేసింది, అందులో రాయని సీడీకే 5 నుంచి 10 ఏళ్ళని తక్కువలో తక్కువ అంచనా కట్టారు. ఖాళీగా ఉన్నా ఆ రంగు పూత ముసలిదవుతూనే ఉంటుంది.

ఇక "వెరిఫై". అది అవునో కాదో మాత్రమే చెప్తుంది. తప్పులు ఉన్నా డ్రైవ్ దిద్దుకుని చదివేస్తే "ఓకే" అంటుంది, ఎంత కష్టపడి దిద్దుకుందో చెప్పదు. మనకి కావాల్సింది ఆ కష్టమే. దాన్ని సి1, సి2 అంటారు. మామూలు వేగంలో సీడీ నుంచి సెకనుకి 7350 ఫ్రేములు, అంటే చిన్న చిన్న డేటా ముక్కలు, వస్తాయి, వాటిలో 220 దాకా తప్పులున్నా ప్రమాణం ఒప్పుకుంటుంది, అది సి1. కానీ 220 దాకా పోతే పాస్ మార్కులే, మంచి సీడీ సగటున ఐదు లోపే ఉంటుంది. సి2 అంటే మొదటి దశలో దిద్దలేక మిగిలిపోయిన తప్పులు, అవి మాత్రం సున్నా ఉండాలి, కొత్తగా రాసినదానికి ఒక్కటి కనిపించినా నేను పక్కన పడేస్తాను.

నీది ఆడియో సీడీ కాబట్టి ఇంకా జాగ్రత్త. డేటా సీడీలో ఒక్కో సెక్టార్‌లో 2048 బైట్లే మన డేటా, మిగతాది అదనపు దిద్దుబాటుకి పోతుంది. ఆడియోలో మొత్తం 2352 బైట్లూ పాటకే. తప్పు దిద్దలేకపోతే ప్లేయర్ పక్క శబ్దాన్ని చూసి మధ్యలోది ఊహించి నింపేస్తుంది, నీకు బాగానే వినిపిస్తుంది, ఈలోగా సీడీ లోపల కుళ్ళుతూ ఉంటుంది. టక్ టక్ అని వినపడే రోజుకి ఆలస్యమైపోతుంది.

లైట్ ఆన్ కంపెనీ పాత డ్రైవ్ ఏదైనా సెకండ్ హ్యాండ్‌లో దొరికితే నీరో సీడీ డీవీడీ స్పీడ్ అనే సాఫ్ట్‌వేర్‌తోనో కేప్రోబ్‌తోనో ఈ తప్పుల్ని స్కాన్ చేయొచ్చు, లినక్స్ అయితే క్యూపీఎక్స్‌టూల్. ల్యాప్‌టాప్ డ్రైవ్‌లు చాలావాటికి ఈ లెక్క ఇవ్వడం రాదు. ఒక డ్రైవ్ అంకెలు ఇంకో డ్రైవ్‌తో పోల్చకు, దేని లెక్క దానిది. అసలు విషయం ఏంటంటే ఈరోజు స్కాన్ ఈరోజు రాత ఎలా ఉందో చెప్తుంది అంతే. ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలియాలంటే అదే సీడీని, అదే డ్రైవ్‌లో, ఆరు నెలలకోసారి మళ్ళీ స్కాన్ చేసి సి1 అంకె ఎటు పోతోందో చూడాలి. నా దగ్గర 2005 నాటి లావాటి పుస్తకం ఉంది, అందులో సీడీ నంబరు, తేదీ, సి1. మా ఆవిడ దాన్ని "నీ జాతకాల పుస్తకం" అంటుంది.

ఎండ_కొత్తగూడెం:

అంత సీన్ అక్కర్లేదు. ఒక సీడీ రాసి, సగానికి నల్ల చార్టు కాగితం కప్పి, మే నెలలో మేడ మీద మూడు వారాలు పెట్టండి, మెరిసే వైపు ఆకాశం వైపు. కొత్తగూడెం ఎండలో రంగు పోయేది పోతుంది. నేను మూడు రకాలు పెట్టాను, ఒకటి నీలంగా ఉండేది కాస్తా గాజు ముక్కలా తెల్లబడి డ్రైవ్‌లో గుర్తుపట్టలేదు, మిగతా రెండూ ఆడాయి.

స్కాన్_పిచ్చి:

@ఎండ_కొత్తగూడెం వెలుగుకి తట్టుకుంటుందా అన్నది తెలుస్తుంది, ఒప్పుకుంటాను. సయనైన్ రంగులు ఎండకి త్వరగా పోతాయి, థాలోసయనైన్, ఆజో గట్టివి. కానీ ఆయన సీడీలు బీరువాలో ఉంటాయి, మేడ మీద కాదు కదా. అక్కడ చంపేది తేమ, వేడి. మేడ మీద ఎండా వేడీ కలిసి కొడుతున్నాయి, ఏది పాడు చేసిందో మీకెలా తెలుసు? పోల్చడానికి పనికొస్తుంది, "ఇన్నేళ్ళు నిలుస్తుంది" అనడానికి పనికిరాదు.

ఎండ_కొత్తగూడెం:

పోల్చడానికే అన్నాను బాబూ. కాగితం కింద సగం బాగుండి బయటి సగం పోతే దోషి ఎండే, వేడి రెండు సగాలకీ ఒకటే కదా.

స్కాన్_పిచ్చి:

అది నిజమే. ఆ కాగితం సంగతి సరిగ్గా చదవలేదు, సారీ.

అమీర్‌పేట్_రవ్వ:

యూట్యూబ్‌లో పెట్టి లింక్ పంపండి, అయిపోయె. 2006లో ఉన్నారా ఇంకా?

హరికథ_మనవడు:

@అమీర్‌పేట్_రవ్వ గుడి మైక్ సెట్‌కి లింక్ ఎక్కడ గుచ్చాలో చెప్పండి, పెడతాను.

మిగతా అందరికీ థ్యాంక్స్. పాత డ్రైవ్ ఒకటి 400కి దొరికింది. ఏటిప్ చూస్తే స్కాన్_పిచ్చి గారు అన్నట్టే డబ్బా మీది కంపెనీ వేరు, కోడ్ చెప్పే కంపెనీ వేరు. డబ్బా పైనుంచి ఒకటి, మధ్యలోంచి ఒకటి, అడుగునుంచి ఒకటి తీసి 16ఎక్స్‌లో, అంటే మామూలు వేగానికి 16 రెట్లలో, రాశాను. సి1 సగటు రెండు దాటలేదు, సి2 సున్నా. నాలుగోది కావాలని 48ఎక్స్‌లో కొట్టాను, మొదట్లో బాగానే ఉండి అంచుకి పోయేకొద్దీ 90 దాకా ఎక్కింది. అడుగునుంచి తీసినదానికే టేప్ పరీక్ష పెట్టాను, రేకు కదల్లేదు. కాబట్టి అన్నీ 16లోనే కొడుతున్నాను, ఒక్కో హరికథకి రెండు కాపీలు, ఒకటి నా దగ్గరే ఉంచి పుస్తకంలో రాస్తున్నాను.

పాత_స్టూడియో:

భేష్. పేరు నీళ్ళ మార్కర్‌తో మధ్యలో పారదర్శకంగా ఉండే చోట రాయి, రేకు మీద కాదు. మిగిలిన డబ్బా వంటింటి గోడ పక్కన పెట్టకు.

హరికథ_మనవడు:

చెప్పడం కాస్త ఆలస్యమైంది అన్నా. మొదటి సీడీ నిన్ననే గుడికి ఇచ్చి వచ్చాను. పూజారి గారు మర్చిపోకుండా ఉండటానికి దాని మీద బాల్‌పెన్నుతో "రుక్మిణీ కల్యాణం, ఒకటో భాగం" అని బాగా నొక్కి రాసుకున్నారు. ఇంకోటి కొడుతున్నాను.