స్క్రోల్ సా బ్లేడ్ క్లాంప్ నాబ్ మార్చినవారు ఎవరైనా ఉన్నారా?

నా దగ్గర 16 అంగుళాల స్క్రోల్ సా (సన్నని బ్లేడ్‌తో చెక్కలో వంపులు కోసే మిషన్) ఉంది. చివర్లలో అడ్డ పిన్ లేని 5 అంగుళాల బ్లేడ్లే వాడతాను. బ్లేడ్ పై చివరను పట్టుకునే క్లాంప్‌కున్న ప్లాస్టిక్ నాబ్‌ని వేళ్లతో ఎంత బిగించినా, టెన్షన్ పెట్టగానే బ్లేడ్ టప్పున ఊడొస్తోంది. ప్లయర్‌తో తిప్పీ తిప్పీ నాబ్ గాట్లు అరిగిపోయాయి. పేరు బోర్డుల్లో అక్షరాల లోపల కోయాలంటే ప్రతి రంధ్రానికీ బ్లేడ్ విప్పి ఎక్కించాలి కదా, విసుగొస్తోంది. బ్లేడ్ చివర్ల నూనె తుడిచి, గరుకు కాగితంతో రుద్ది చూశాను. కాస్త నయం, అంతే.

ఆ నాబ్ బదులు రెక్కల స్క్రూ గానీ చిన్న లివర్ ఉన్నది గానీ వేద్దామనుకుంటున్నా. బరువు ఎక్కువైతే బ్లేడ్‌ని ఆడించే ఆర్మ్ అదురు పెరుగుతుందా? స్క్రూ మొన చదునుగా లేకపోతే బ్లేడ్ మెలిపడుతుందా? స్క్రూ మర ఎం5నో (5 మి.మీ.) ఎం6నో (6 మి.మీ.) ఇంట్లో ఎలా తేల్చుకోవాలి? లేత్ షాపులో చేయించుకున్నవారుంటే ఇత్తడి పెట్టించారా, స్టీలా? ఖర్చెంతయిందో కూడా చెప్పండి.