ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో అన్నీ 5కి 5 వస్తుంటే లోపాలు ఎలా తెలుస్తాయి?

ప్రశ్న: మాది 100 పడకల ఆసుపత్రి. డిశ్చార్జి ఫారంలో అందరూ ‘బాగుంది’ అనే రాస్తున్నారు. ఏం చేయాలండీ?

జవాబు: ఫారం ఎక్కడ ఇస్తున్నారో చూడండి. బిల్లు కౌంటర్ దగ్గర, సిస్టర్ ఎదురుగా నిలబడితే ఎవరూ నిజం రాయరు. అమెరికాలో ఆసుపత్రి అనుభవం గురించి రోగుల్ని అడిగే హెచ్‌క్యాప్స్ సర్వే డిశ్చార్జి అయిన 48 గంటల తర్వాతే మొదలవుతుంది. రోగుల అభిప్రాయాల కోసం మన కేంద్రం 2016లో తెచ్చిన ‘మేరా అస్పతాల్’ కూడా ఎస్సెమ్మెస్, ఫోన్ ద్వారా అడుగుతుంది.

మరొకరు: ప్రశ్నలూ మార్చండి. ‘నర్సింగ్ ఎలా ఉంది?’ అంటే మర్యాదకి బాగుందంటారు. ‘బెల్ కొట్టాక ఎంతసేపటికి వచ్చారు?’, ‘ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తెలుగులో చెప్పారా?’ అనండి. ముఖ్యంగా వార్డు, షిఫ్టు నమోదు చేయండి. లేకపోతే నైట్ డ్యూటీ లోపం సగటులో కలిసిపోతుంది.

అడిగినవారు: చదువు రానివాళ్లయితే?

జవాబు: ఫోన్ చేయించండి, ఆ వార్డుతో సంబంధం లేనివాళ్లతో. పేషెంట్ వెంట ఉన్న అటెండెంట్‌ని కాదు, పేషెంట్‌నే అడగాలి. నొప్పి సంగతి ఆయనకే తెలుసు.